ఒక సూచీ, రెండు బీరువాలు
(సంవాదం)

కంప్యూటర్‌లో ఫైళ్లు దాచే పరికరాలు రెండు రకాలు. మొదటిది హార్డ్ డిస్క్. అయస్కాంతపు పూత ఉన్న గుండ్రటి పళ్లేలు అందులో నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతాయి. సన్నటి చేయి ఒకటి వాటి మీద అటూ ఇటూ కదులుతూ చదువుతుంది, రాస్తుంది. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్క్ యంత్రంలో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిసి పట్టింది 50 లక్షల అక్షరాలు. రెండో రకం ఎస్‌ఎస్‌డీ. ఇందులో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. 1980లలో తోషిబా కంపెనీలో ఫుజియో మసువొకా రూపొందించిన ఫ్లాష్ మెమరీయే దీనికి ఆధారం. సమాచారం చిప్పుల్లో విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది.

హార్డ్ డిస్క్ చవక, చోటు ఎక్కువ, నెమ్మది. ఎస్‌ఎస్‌డీ ఖరీదు, చోటు తక్కువ, చురుకు. అందుకే ఒకే పెట్టెలో రెండూ బిగించడం మామూలైంది. 250 జీబీయో 500 జీబీయో ఉన్న ఎస్‌ఎస్‌డీ సి డ్రైవ్ అవుతుంది. ఒకటి రెండు టీబీల హార్డ్ డిస్క్ డి డ్రైవ్ అవుతుంది. ఏడాది తిరగకుండానే సి డ్రైవ్ నిండి ఎర్రగీత కనిపిస్తుంది, డి డ్రైవ్ సగం కూడా నిండదు. ఏది ఎక్కడ ఉండాలి? రెండింటినీ విడిగా నడపాలా, కలిపి ఒకటి చేయాలా? సంవాదానికి విషయం ఇదే.

మాట్లాడేవాళ్లు ఇద్దరు. మాస్టారు శ్రీకాకుళంలో ఉంటున్న రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని కథకులు కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న అదే ఊళ్లో ప్రారంభించిన కథానిలయాన్ని చూసి, తన దగ్గరున్న పాత పత్రికలను ఇంట్లోనే స్కాన్ చేస్తున్నారు. ఆయన మేనల్లుడు విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఫొటో స్టూడియో నడుపుతున్నాడు. కలపాలన్నది మాస్టారి పక్షం. విడిగా ఉంచాలన్నది మేనల్లుడి పక్షం.

వేగం ఎక్కడ కావాలి

మాస్టారు: నాకు కావలసింది కథ. అది సి లో ఉందో డి లో ఉందో నేనెందుకు గుర్తుపెట్టుకోవాలి? గ్రంథాలయానికి వచ్చిన పాఠకుడు పుస్తకం పేరు చెప్తాడు గాని బీరువా నంబరు చెప్తాడా? 2012లో యాపిల్ వాళ్లు ఫ్యూజన్ డ్రైవ్ అని తెచ్చారు. 128 జీబీ ఫ్లాష్‌నీ 1 టీబీ హార్డ్ డిస్క్‌నీ కలిపి ఒకే డ్రైవ్‌గా చూపించింది. తరచు వాడేవి ఫ్లాష్‌లోకి, వాడనివి డిస్క్‌లోకి అదే సర్దుకునేది. యంత్రం చేసే పని మనిషి నెత్తిన ఎందుకు పెట్టుకోవాలి?

మేనల్లుడు: యంత్రం చూసేది ఒక్కటే మావయ్యా, ఏ ఫైల్‌ని ఎన్నిసార్లు తెరిచారని. ఏది పోతే మళ్లీ రాదో దానికి తెలీదు. అది మనకే తెలుసు. ముందు మీ కంప్యూటర్‌లో ఉన్నవి నిజంగా రెండు డ్రైవులేనా చూడండి. స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే డిస్క్ 0, డిస్క్ 1 అని వేరు వేరు వరసలు కనిపించాలి. ఒకే వరసలో సి, డి రెండూ ఉంటే అది ఒకే డిస్క్‌కి కట్టిన అడ్డుగోడ. ఆ డిస్క్ పోతే రెండూ పోతాయి.

మాస్టారు: చూశాను. రెండు వరసలే. 1 టీబీ అని కొన్న డిస్క్‌కి 931 జీబీ అని చూపిస్తోంది. మిగతాది ఏమైనట్టు?

మేనల్లుడు: ఎక్కడికీ పోలేదు. అమ్మేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. ఇక వేగం సంగతి. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజున నేను తీసే ఫొటోలతో 64 జీబీ కార్డు నిండుతుంది. హార్డ్ డిస్క్ సెకనుకు 150 ఎంబీ రాస్తుందనుకుంటే ఏడు నిమిషాలు పడుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీకి, కార్డు రీడర్ అంత వేగం అందిస్తే, రెండు నిమిషాలు. ఈ తేడాకి పని ఆగిపోదు. అసలు తేడా చిన్న ఫైళ్ల దగ్గర ఉంది. హార్డ్ డిస్క్‌లో చేయి ఒకచోటు నుంచి ఇంకోచోటుకి వెళ్లి, పళ్లెం తిరిగి రావడానికి సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు వంద చోట్లు. ముప్పై వేల చిన్న ఫైళ్లు తెరవాలంటే వెతుకులాటకే అయిదు నిమిషాలు. ఎస్‌ఎస్‌డీకి ఆ వెతుకులాట లేదు. విండోస్ మొదలయ్యేటప్పుడూ, ఫొటోషాప్ తెరిచేటప్పుడూ, వేల ఫొటోల చిన్న బొమ్మలు తెరమీద పరిచేటప్పుడూ జరిగేది ఇదే. అందుకే విండోస్, ప్రోగ్రాములు, ఫొటోషాప్ స్క్రాచ్ ఫైలు, ఈ వారం చేస్తున్న పని ఎస్‌ఎస్‌డీలో ఉండాలి. పూర్తయిన ఫొటోలు, వీడియోలు, మీ స్కాన్లు హార్డ్ డిస్క్‌లో ఉండాలి.

మాస్టారు: ఎస్‌ఎస్‌డీ రాసేకొద్దీ అరిగిపోతుందంటారే. డౌన్‌లోడ్లూ, తాత్కాలిక ఫైళ్లూ దానిమీద పడకుండా డి కి తిప్పమని ఒకరు చెప్పారు.

మేనల్లుడు: అరిగే మాట నిజమే గాని లెక్క చూడండి. 500 జీబీ ఎస్‌ఎస్‌డీలకి కంపెనీలు మామూలుగా 150 నుంచి 300 టీబీల రాత వరకు హామీ ఇస్తాయి. 200 అనుకుందాం. రోజూ 20 జీబీ రాసినా పదివేల రోజులు, అంటే 27 ఏళ్లు. దాన్ని అరగకుండా కాపాడాలని పనంతా నెమ్మది డిస్క్ మీద వేస్తే, చురుకైన ఎద్దుని కొట్టంలో కట్టేసి ముసలి ఎద్దుతో దున్నినట్టు. ఎస్‌ఎస్‌డీకి ఎక్కువ చేటు చేసేది నిండిపోవడం. ఖాళీ గదులు లేకపోతే లోపల సర్దుకోడానికి చోటు చాలక రాత నెమ్మదిస్తుంది. అయిదో వంతు, కనీసం పదో వంతు ఖాళీగా ఉంచాలి.

నిండిన సి డ్రైవ్

మాస్టారు: నా పత్రికలు ఎంత చోటు తింటాయో లెక్క కట్టాను. చిన్న పుటని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 1750, నిలువుగా 2480 చుక్కలు. అంటే 43 లక్షలు. రంగుల్లో, కుదించకుండా దాచితే ఒక పుట 13 ఎంబీ. అరవై పుటల సంచిక 780 ఎంబీ. వంద సంచికలు 78 జీబీ. నా ఎస్‌ఎస్‌డీ 256 జీబీ. స్కానర్ ప్రోగ్రాము ప్రతి బొమ్మనీ తనంతట తానే సి డ్రైవ్‌లోని పిక్చర్స్ ఫోల్డర్‌లో పెడుతోంది. నేను మరిచిపోయిన రోజున అది అక్కడే ఉండిపోతోంది. విడిగా ఉంచాలన్న నీ పద్ధతి నా జ్ఞాపకం మీద ఆధారపడి ఉంది నాయనా. జ్ఞాపకం మీద నిలబడే పద్ధతి ఎన్నాళ్లు నిలుస్తుంది?

మేనల్లుడు: జ్ఞాపకం అక్కర్లేకుండా చేయొచ్చు. డి డ్రైవ్‌లో ‘స్కాన్లు’ అని ఒక ఫోల్డర్ చేయండి. సి లోని పిక్చర్స్ ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో లొకేషన్, మూవ్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. ఒక్క జాగ్రత్త. డి డ్రైవ్‌నే చూపించకూడదు, దానిలోని ఫోల్డర్‌ని చూపించాలి. డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవంతా పిక్చర్స్ ఫోల్డర్ అయి కూర్చుంటుంది, వెనక్కి తిప్పడం కష్టం. ఆ తర్వాత స్కానర్ పిక్చర్స్‌లో పెట్టాననే అనుకుంటుంది, ఫైలు మాత్రం డి లో పడుతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, అడ్వాన్స్‌డ్ స్టోరేజ్ సెట్టింగ్స్ వరసలో వెళ్తే, కొత్త ఫైళ్లు ఎక్కడ పడాలో రకం వారీగా చెప్పే చోటు కూడా ఉంది.

మాస్టారు: అలాగే ప్రోగ్రాములన్నీ కట్ చేసి డి లో పేస్ట్ చేస్తే సరిపోతుందిగా?

మేనల్లుడు: వద్దు మావయ్యా. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ జోలికి పోకూడదు. ప్రతి ప్రోగ్రాము తను ఎక్కడుందో విండోస్‌లో పదిచోట్ల రాసి పెట్టుకుంటుంది. చేత్తో జరిపితే ఆ చిరునామాలన్నీ తప్పుతాయి. మార్చాలంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి డి లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. అంతకన్నా ముందు అక్కరలేని బరువు దించండి. స్టోరేజ్ సెన్స్ ఆన్ చేస్తే తాత్కాలిక ఫైళ్లు, రీసైకిల్ బిన్‌లోవి గడువు ప్రకారం పోతాయి. హైబర్నేట్ వాడని డెస్క్‌టాప్‌లో దాన్ని ఆపేస్తే కొన్ని జీబీలు తిరిగొస్తాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని మాత్రం చేత్తోనే శుభ్రం చేయాలి. అందులో ఏది పనికొస్తుందో యంత్రానికి తెలీదు.

కలిపితే వచ్చే ముప్పు

మాస్టారు: ఇంత సర్దుడు ఎందుకు? డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే స్పాన్డ్ వాల్యూమ్ అని ఉంది. స్టోరేజ్ స్పేసెస్ అని ఇంకోటి ఉంది. రెండు డిస్కుల చోటూ కలిపి ఒకే డ్రైవ్‌గా చూపిస్తాయి. చోటు చాలలేదన్న మాటే రాదు.

మేనల్లుడు: చోటు కలుస్తుంది. ముప్పూ కలుస్తుంది. ఒక్కో డిస్క్ ఏడాదిలో చెడిపోయే అవకాశం నూటికి రెండు అనుకోండి. విడిగా ఉంటే ఏది చెడితే దానిలోవే పోతాయి. అలా కలిపితే ఏ ఒక్కటి చెడినా మొత్తం డ్రైవ్ తెరుచుకోదు. అంటే అన్నీ పోయే అవకాశం నూటికి దాదాపు నాలుగు. రెండిట్లోనూ అదే రాసే మిర్రర్ పద్ధతిలో కలిపితే ఒకటి పోయినా రెండోది నిలుస్తుంది గాని, అప్పుడు చిన్న డిస్క్ ఎంతో అంతే చోటు దక్కుతుంది. 250కి 1000ని జత చేస్తే 750 వృథా. పైగా ఎస్‌ఎస్‌డీ రాసి ఊరుకున్నా, హార్డ్ డిస్క్ రాయడం పూర్తయ్యేదాకా ఆగాలి. చురుకుదనం పోయె, చోటూ పోయె.

మాస్టారు: ఫ్యూజన్ డ్రైవ్ సంగతో?

మేనల్లుడు: దానికీ అదే సూత్రం. రెండు ముక్కల్లో ఏది చెడినా మొత్తం పోయినట్టే. ఇంకొకటి చూడండి. హార్డ్ డిస్క్ చెడేముందు చాలాసార్లు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంది, కాపీ అవుతూ ఆగుతుంది. డిస్క్ ఆరోగ్యం తెలిపే స్మార్ట్ లెక్కలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రాములో పసుపు రంగు కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ అయితే నిన్న బాగుండి ఇవాళ కనిపించకుండా పోవచ్చు. దానిలో డిలీట్ చేసిన ఫైలు తిరిగి రాబట్టడమూ కష్టమే. ట్రిమ్ అనే ఏర్పాటు ఆ గదుల్ని ఖాళీ చేసేస్తుంది. రెండిటి గుణాలూ వేరు, చావులూ వేరు. ఒకే తాడుతో ఎందుకు కట్టాలి?

మాస్టారు: సరే, కలపను. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. కథ కావాలంటే రెండు చోట్ల వెతకాలా? గ్రంథాలయంలో బీరువాలు ఎన్నున్నా పట్టీ ఒకటే ఉంటుంది.

మేనల్లుడు: ఆ మాట ఒప్పుకుంటున్నాను. పట్టీ ఒకటే ఉండాలి. విండోస్ 7 నుంచీ లైబ్రరీస్ అనే ఏర్పాటు ఉంది. ఇప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో దాగి ఉంటుంది, షో లైబ్రరీస్ అని ఎంచుకుంటే కనిపిస్తుంది. సి లో ఈ వారం పని చేస్తున్నవీ, డి లో పూర్తయినవీ ఒకే జాబితాలో చూపిస్తుంది. ఫైళ్లు మాత్రం వాటి వాటి చోట్లే ఉంటాయి. ఫోల్డర్ల పేర్లు కూడా ఒకే వరసలో పెట్టండి: పత్రిక పేరు, సంవత్సరం, నెల. నేను ఇన్నాళ్లూ ఆ పని చేయలేదు. పెళ్లివారు ఫోన్ చేసి ఫొటో అడిగితే రెండు డ్రైవులూ గాలిస్తున్నాను.

చోటు మార్చడం వేరు, నకలు తీయడం వేరు

మాస్టారు: ఇంకో సంగతి అడుగుతాను. సిరిమాను ఫొటోలు కార్డు నుంచి సి లోకి తెచ్చావు. పని పూర్తయ్యాక డి లోకి మార్చావు. సి లో తీసేశావా?

మేనల్లుడు: తీసేశాను. చోటు కావాలి కదా.

మాస్టారు: కార్డు?

మేనల్లుడు: మర్నాటి పెళ్లికి ఫార్మాట్ చేశాను.

మాస్టారు: అయితే ఆ ఫొటోలు లోకంలో ఎన్ని చోట్ల ఉన్నట్టు?

మేనల్లుడు: ఒక్కచోట. డి డ్రైవ్‌లో.

మాస్టారు: రెండు డ్రైవులున్నాయని ధైర్యంగా ఉన్నావు. ఉన్నది ఒక్క నకలు. మన తాతలు ధాన్యం పురి కట్టేవారు. తిండిగింజలు పురిలో ఉన్నా, విత్తనాలు మాత్రం వేరే కుండలో, వేరే గదిలో దాచేవారు. పురి తడిసినా వచ్చే ఏడు పంట వేసుకోవాలని. నీ సి, డి రెండూ పురులే. విత్తనాల కుండ ఏది?

మేనల్లుడు: నిజమే మావయ్యా. నేను వేగం గురించీ చోటు గురించీ ఆలోచించాను గాని, ఇది ఆలోచించలేదు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ తన పుస్తకంలో చెప్పి ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది, మూడు రెండు ఒకటి అని. ఫైలుకి మూడు నకళ్లుండాలి. రెండు రకాల పరికరాల మీద ఉండాలి. వాటిలో ఒకటి ఆ ఇంట్లో కాక వేరే చోట ఉండాలి. చదివాను, పాటించలేదు.

మాస్టారు: రెండు డ్రైవులూ ఒకే పెట్టెలో, ఒకే పవర్ సప్లయి మీద ఉన్నాయి. పిడుగు పడి కరెంటు ఎగదన్నినా, నాగావళి వరద గుమ్మం దాటినా, దొంగ పెట్టె ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. మన జిల్లాల్లో ఇది పుస్తకంలోని ఊహ కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రోజుల్లో కరెంటు వచ్చి పోయి, వచ్చి పోయి, తిరుగుతున్న డిస్క్‌ని చంపేస్తుంది.

మేనల్లుడు: యూపీఎస్ ఉంటే ఆ కాసేపట్లో కంప్యూటర్‌ని సరిగ్గా ఆపుకోవచ్చు. నకలు కోసం బయట తగిలించే హార్డ్ డిస్క్ ఒకటి కొంటాను. రాయడం అయ్యాక ఊడదీసి పెడతాను. ఎప్పుడూ తగిలించే ఉంచితే కరెంటు దెబ్బా, వైరస్సూ దానికీ తగులుతాయి. ఏళ్ల తరబడి బీరువాలో దాచే నకలుకి ఎస్‌ఎస్‌డీ కన్నా హార్డ్ డిస్కే నయం. కరెంటు తగలకుండా చాలాకాలం ఉంటే ఎస్‌ఎస్‌డీలోని ఆవేశం మెల్లగా జారిపోవచ్చు.

మాస్టారు: సింక్ అని ఒకటి పెట్టుకుంటే తనంతట తానే నకలు తీస్తుందంటారు?

మేనల్లుడు: సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్‌లో ఇక్కడ పొరపాటున తీసేస్తే అక్కడా పోతుంది. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ లాంటిది అయితే పాత రూపాల్ని కూడా ఉంచుతుంది. మూడో నకలు మాత్రం ఊరు దాటించాలి. మీ డిస్క్ ఒకటి నా దగ్గర విజయనగరంలో ఉంటుంది, నాది మీ దగ్గర శ్రీకాకుళంలో ఉంటుంది. పెళ్లివారి ఫొటోలు కాబట్టి నాదానికి పాస్‌వర్డ్ వేసి ఇస్తాను. రెండు ఊళ్లనీ ఒకే తుపాను కొట్టే రోజులూ ఉన్నాయి గనక, మరీ ముఖ్యమైనవి క్లౌడ్‌లో కూడా ఉంచుదాం.

తేలిన సంగతి

ఇద్దరి వాదాల్లోనూ నిలిచినది కొంత ఉంది. రెండు డ్రైవుల్ని కలపకూడదన్న మేనల్లుడి మాట నిలిచింది. చోటు కలిపితే ఒకదాని చావు రెండోదానికి అంటుకుంటుంది, మిర్రర్‌గా కలిపితే ఎస్‌ఎస్‌డీ చురుకుదనం హార్డ్ డిస్క్ స్థాయికి దిగుతుంది. వెతికేవాడికి పట్టీ ఒకటే ఉండాలన్న మాస్టారి మాట నిలిచింది. సర్దుబాటు మనిషి జ్ఞాపకం మీద కాక ఏర్పాటు మీద నడవాలన్నదీ నిలిచింది. డి డ్రైవ్ బ్యాకప్ కాదన్నది ఇద్దరూ కలిసి తేల్చిన సంగతి.

ఆచరణలో వరస ఇది. విండోస్, ప్రోగ్రాములు, చేతిలో ఉన్న పని ఎస్‌ఎస్‌డీలో. పూర్తయినవి, పెద్దవి హార్డ్ డిస్క్‌లో. కొత్త ఫైళ్లు పడే చోటు ముందే డి లోని ఫోల్డర్‌కి మార్చాలి. ఎస్‌ఎస్‌డీలో అయిదో వంతు ఖాళీ. కార్డు ఫార్మాట్ చేసేముందు, సి లో తీసేసేముందు, ఆ ఫైళ్లు కనీసం రెండు వేరు పరికరాల మీద ఉన్నాయని చూసుకోవాలి. బయటి నకలు ఊడదీసి, వీలైతే వేరే ఊళ్లో ఉంచాలి.

నకలు తీయడంతో పని పూర్తి కాదు. తీసిన నకలులోంచి ఏదో ఒక పాత ఫైలుని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తేనే అది పనికొస్తుందని తెలుస్తుంది. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబర్ 11, 12 తేదీల్లోనే వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫొటోలో, పుస్తకాలో, లెక్కలో కంప్యూటర్‌లో దాచుకున్న ప్రతివారూ ఏటా సెప్టెంబర్ దాటకముందే తమ నకలుని తగిలించి, ఒక ఫైలు తెరిచి చూసుకోవాలి.